బ్రిగేడియర్, జాయింట్ సెక్రటరీ ఒకే తరగతిలో ఏం చదువుతారు?

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నాన్ని తాకింది. విమానాశ్రయ టెర్మినల్ తీవ్రంగా దెబ్బతిని, కొన్ని రోజులు విమానాలు ఆగిపోయాయి. ప్రయాణికులు దిగే ఆ రన్‌వే నిజానికి నౌకాదళ స్థావరం ఐఎన్ఎస్ డేగాది. అలాంటి చోట ఏ నిర్ణయం తీసుకోవాలన్నా జిల్లా యంత్రాంగం, విమానాశ్రయ అధికారులు, నౌకాదళం కలిసి కూర్చోవాల్సిందే.

మరి వీళ్లకు ఒకరి పని తీరు మరొకరికి ముందే తెలుసా? లేక ఆపద వచ్చిన రోజే తొలిసారి కలుస్తారా? సీనియర్ సైనికాధికారులకు, ప్రభుత్వ ఉన్నతాధికారులకు కలిపి ‘వ్యూహాత్మక అధ్యయనాలు’ చెప్పడం వెనక ఉన్న ప్రశ్న ఇదే.

ఎక్కడ చెబుతారు?

ఇందులో అన్నిటికంటే పై మెట్టు దిల్లీలోని నేషనల్ డిఫెన్స్ కాలేజీ (ఎన్‌డీసీ). లండన్‌లోని ఇంపీరియల్ డిఫెన్స్ కాలేజీ నమూనాలో దీన్ని ఏర్పాటు చేశారు. 1960 ఏప్రిల్ 27న అప్పటి ప్రధాని నెహ్రూ ప్రారంభించారు. రక్షణ శాఖ కింద నడుస్తుంది.

కోర్సు 47 వారాలు. సైన్యం నుంచి బ్రిగేడియర్లు, నౌకాదళం, వైమానిక దళాల నుంచి అదే హోదా ఉన్నవారు వస్తారు. ఐఏఎస్, ఐపీఎస్, విదేశాంగ సర్వీసు వంటి వాటి నుంచి దాదాపు జాయింట్ సెక్రటరీ స్థాయి అధికారులు చేరతారు. మిత్రదేశాల అధికారులకూ సీట్లుంటాయి. బోధన పర్యవేక్షించే సీనియర్ సిబ్బందిలోనూ త్రివిధ దళాలవారితో పాటు ఐఏఎస్, విదేశాంగ అధికారులు ఉంటారు.

ఏం చదువుతారు?

యుద్ధం ఎలా చేయాలో ఇక్కడ నేర్పరు. అది పాతికేళ్ల సర్వీసులో నేర్చుకునే వచ్చి ఉంటారు. దేశ ఆర్థిక స్థితి, సమాజం, సైన్స్-టెక్నాలజీ, ఇరుగుపొరుగు దేశాలు, అంతర్జాతీయ రాజకీయాలు, ఇవన్నీ జాతీయ భద్రతతో ఎక్కడ ముడిపడతాయో చూస్తారు. దేశంలోనూ, విదేశాల్లోనూ పర్యటిస్తారు. పరిశోధన వ్యాసం రాస్తారు.

ఒక ఉదాహరణ చూడండి. సరిహద్దులో సైన్యానికి రోడ్డు కావాలి. సైనికాధికారి దృష్టిలో అది వారాల్లో కావాల్సిన పని. కానీ దానికి నిధులు ఆర్థిక శాఖ ఇవ్వాలి, భూమి రాష్ట్రం సేకరించాలి. అవతలి దేశం ఏమంటుందో విదేశాంగ శాఖ అంచనా వేయాలి. ఎవరి దగ్గర ఫైలు ఎందుకు ఆగుతుందో బ్రిగేడియర్‌కు తెలియాలి. ఆ రోడ్డు లేకపోతే జవాను పడే ఇబ్బంది ఏమిటో జాయింట్ సెక్రటరీకి తెలియాలి.

సికింద్రాబాద్‌కు ఏం సంబంధం?

ఎన్‌డీసీకి ముందు ఇంకా మెట్లున్నాయి. మేజర్ స్థాయిలో తమిళనాడులోని వెల్లింగ్టన్ స్టాఫ్ కాలేజీ. ఆ తర్వాత కల్నల్ స్థాయిలో ఉన్నత కోర్సులు. వీటికోసం సైన్యానికి మౌలో, నౌకాదళానికి గోవాలో వార్ కాలేజీలున్నాయి. వైమానిక దళానికి చెందిన కాలేజ్ ఆఫ్ ఎయిర్ వార్‌ఫేర్ ఉన్నది సికింద్రాబాద్‌లోనే.

సైనిక్‌పురి వైపు వెళ్లేవారికి కాలేజ్ ఆఫ్ డిఫెన్స్ మేనేజ్‌మెంట్ కూడా పరిచయమే. 1970లో మొదలైన ఈ సంస్థలో త్రివిధ దళాల అధికారులు కలిసి 44 వారాల కోర్సు చేస్తారు. ఉస్మానియా విశ్వవిద్యాలయం వారికి మేనేజ్‌మెంట్‌లో మాస్టర్స్ డిగ్రీ ఇస్తోంది.

లోటు ఎక్కడుంది?

మొదటిది, తరగతిలో యూనిఫాం వేసుకున్నవారే ఎక్కువ. పౌర అధికారుల వాటా తక్కువ. పైగా ఏడాది చదివిన ఐఏఎస్ అధికారి తర్వాత రక్షణ శాఖకో, హోం శాఖకో వెళ్తారన్న హామీ లేదు. వ్యవసాయ శాఖకూ వెళ్లొచ్చు. అప్పుడు ఆ చదువు వ్యక్తి దగ్గర మిగులుతుంది, వ్యవస్థకు అందదు.

రెండోది, ఇన్ని కాలేజీలున్నా వాటిని ఒక గొడుగు కిందకు తెచ్చే విశ్వవిద్యాలయం లేదు. కార్గిల్ యుద్ధం తర్వాత కె.సుబ్రహ్మణ్యం నాయకత్వంలోని కమిటీ దీన్ని సిఫార్సు చేసింది. 2010లో కేంద్ర మంత్రివర్గం సూత్రప్రాయంగా ఆమోదించింది. 2013 మే 23న హరియాణాలోని బినోలాలో అప్పటి ప్రధాని మన్మోహన్ సింగ్ శంకుస్థాపన చేశారు. 2016లో ముసాయిదా బిల్లును ప్రజాభిప్రాయం కోసం ఆన్‌లైన్‌లో పెట్టారు. అది చట్టం కాలేదు. ఈలోగా పాకిస్థాన్ తన డిఫెన్స్ కాలేజీని 2007లోనే విశ్వవిద్యాలయంగా మార్చుకుంది. చైనాకు 1985 నుంచీ ఉంది.

గుజరాత్‌లోని రాష్ట్రీయ రక్షా విశ్వవిద్యాలయం ఇదే కదా అని మీరు అడగొచ్చు. కాదు. 2020లో పార్లమెంటు చట్టంతో వచ్చిన ఆ సంస్థ హోం శాఖ కింద ఉంది. దాని దృష్టి ప్రధానంగా పోలీసింగ్, అంతర్గత భద్రత మీద.

ఇప్పుడే ఎందుకు ముఖ్యం?

2020 జనవరిలో దేశానికి తొలి త్రివిధ దళాధిపతి వచ్చారు. రక్షణ శాఖలో సైనిక వ్యవహారాల విభాగం కొత్తగా ఏర్పడింది. అంటే ఒకప్పుడు పౌర అధికారులు మాత్రమే చూసే కొన్ని ఫైళ్లను ఇప్పుడు యూనిఫాంలో ఉన్నవారూ చూస్తున్నారు. మూడు దళాలను ఉమ్మడి కమాండ్ల కిందకు తేవాలన్న ఆలోచనా నడుస్తోంది. ఎవరి అధికారం ఎంతవరకన్న వాదన సహజంగానే వస్తుంది. దాన్ని సర్దుకోవడానికి రెండు పక్షాలకూ ఉమ్మడి అవగాహన కావాలి.

అయితే కొత్త విశ్వవిద్యాలయం ఒక్కటే మందు కాదు. ఉన్న కోర్సుల్లో పౌర అధికారుల సీట్లు పెంచడానికి, చదివినవారిని సంబంధిత శాఖలకే పంపడానికి కొత్త చట్టం అక్కర్లేదు. ఈ చదువుకయ్యే ఖర్చు మన పన్నులదే. ఈసారి రక్షణ బడ్జెట్ వార్త కనిపించినప్పుడు విమానాల ధరతో పాటు ఇదీ అడగండి: ఏడాది పాటు భద్రత చదివిన అధికారులు ఇప్పుడు ఏ కుర్చీల్లో ఉన్నారు?