విశ్వాసపు ముసుగులో భయం

నాంపల్లి స్టేషనుకు దగ్గరలోనే, రెడ్ హిల్స్‌లో, 1955లో నెలకొల్పబడిన మెహదీ నవాజ్ జంగ్ క్యాన్సర్ ఆసుపత్రి ఉన్నది. ఆ గేటు వద్ద కాళ్లు వెనుకాడే రోగులను ఎందరినో చూచాను.

ముట్లుడిగి ఏళ్లు గడచిన ఒక క్రైస్తవ సోదరి, తిరిగి కనిపించిన రక్తస్రావాన్ని ఏడు నెలలు దాచారు. “ప్రార్థిస్తున్నాను డాక్టరుగారూ, పరీక్షకు వెళితే అవిశ్వాసం అవుతుందేమో” అన్నారు. అది విశ్వాసం కాదు, భయమేనని నా అభిప్రాయం.

మార్కు సువార్త అయిదవ అధ్యాయం ఆమెకు కంఠస్థమే. పన్నెండేళ్ల రక్తస్రావంతో ఆస్తినంతా వైద్యులకు ధారపోసిన స్త్రీ (మా వృత్తివారికి ఇబ్బందికరమైన ఘట్టమే!) ఇంట దాగక జనంలోకి వచ్చింది, వణుకుతూనే ఉన్నదంతా చెప్పింది. అదే అధ్యాయంలో, కుమార్తె మరణించిందన్న కబురు వచ్చిన యాయీరును భయపడవద్దన్న యేసు, బాలిక లేచాక ఆహారం పెట్టమన్నాడు. శరీరావసరాన్ని ఆయన మరువలేదు.

ముట్లుడిగాక వచ్చే రక్తస్రావం ప్రతిసారీ క్యాన్సర్ కాదు. కాని ప్రతిసారీ పరీక్ష అవసరం. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ తొలి దశలో దొరికితే చాలామందికి నయమవుతుంది. ముదిరినా రేడియేషన్ ఉన్నది, నొప్పికి మార్ఫిన్ ఉన్నది. మార్ఫిన్ తీసుకోవడం దేవుని శంకించడం కాదు. ఆశ లేదని ఇంట కూర్చున్నవారికే ఇవేవీ అందవు.

“ప్రార్థించే రండమ్మా, బయాప్సీ ఫలితం వచ్చేదాకా ప్రార్థిస్తూనే ఉండండి” అన్నాను. మరునాడు ఆమె బైబిలును సంచిలో పెట్టుకొని, ఓపీ చీటీ కోసం వరుసలో నిలబడ్డారు.