కోడలి కంచంలో ఆకుకూర



ఈ మాట ముఖ్యంగా అత్తలకు, భర్తలకు చెబుతున్నాను. కోడలు నెల తప్పిందని తెలిస్తే స్తోత్రం చెల్లిస్తాం, ఇంట్లో ప్రార్థన పెట్టిస్తాం. మంచిదే. కానీ ఆమె కంచంలో ఏముందో చూసేవారు ఎందరు? చాలా ఇళ్లలో అందరూ తిన్నాక మిగిలిన అన్నం, గిన్నె అడుగున ఉన్న చారే ఆమె వంతు. పైగా “ఎక్కువ తింటే బిడ్డ లావవుతుంది, కాన్పు కష్టమవుతుంది” అంటారు. ఈ మాటను మనం విడిచిపెట్టాలి. రెండున్నర కిలోల కంటే తక్కువ బరువుతో పుట్టిన బిడ్డకు ఒళ్లు త్వరగా చల్లబడుతుంది, రోగాలు సులువుగా అంటుకుంటాయి.

న్యాయాధిపతులు 13వ అధ్యాయం చదవండి. సమ్సోను కడుపున పడకముందే దూత వచ్చి, తల్లి ఏమి తినకూడదో, ఏమి తాగకూడదో చెప్పాడు. మనోహ ప్రార్థిస్తే మళ్లీ వచ్చి అదే సంగతి భర్తకూ చెప్పాడు. అది నాజీరు నియమమే గాని వైద్య పాఠం కాదు. అయినా తల్లి తిండి సంగతి భర్త కూడా వినవలసిందేనని అక్కడ కనబడుతుంది.

ఇక వైద్యులు చెప్పేది చూద్దాం. కడుపులో బిడ్డ పెరిగేకొద్దీ తల్లి ఒంట్లో ప్రాణవాయువు వాడకం పెరుగుతుంది. దానితోపాటు, ఇనుముకు తుప్పు పట్టినట్టు, కణాలకు చెరుపు చేసే పదార్థాలూ పుడతాయి. వాటిని అదుపులో పెట్టేవే యాంటీ ఆక్సిడెంట్లు. జామ, ఉసిరిలోని విటమిన్ సి, ఆకుకూరల్లోని కెరోటిన్ అలాంటివే. అవి చాలకపోతే బిడ్డకు ఆహారం అందించే మాయ దెబ్బతినవచ్చు.

మహారాష్ట్రలో పుణె దగ్గర ఆరు పల్లెల గర్భిణులను పరిశీలించి 2001లో ఫలితాలు ప్రచురించారు. ఆకుకూరలు, పండ్లు తరచుగా తిన్న తల్లుల బిడ్డలు పెద్దగా పుట్టారు. తర్వాత ముంబయి మురికివాడల్లో ఆకుకూరలు, పండ్లు, పాలు కలిపిన చిరుతిండి పెట్టి చూశారు. మొత్తం మీద తేడా పెద్దగా లేదు. గర్భం రాకముందు కనీసం 3 నెలల నుంచి ఆ చిరుతిండి ఇచ్చిన గుంపులో మాత్రం బిడ్డల బరువు సగటున సుమారు 48 గ్రాములు పెరిగింది. మరీ సన్నగా ఉన్న స్త్రీలలో ఆ లాభం కనబడలేదు. కాబట్టి కడుపునిండా అన్నం, పప్పు, గుడ్డు కూడా ఉండాలి. సీమంతం దాకా ఆగకుండా పెళ్లయిన నాటినుంచే మొదలుపెట్టాలి.

అయితే యాంటీ ఆక్సిడెంట్ మాత్రల సీసా కొంటే సరిపోదా? సరిపోదు. బ్రిటన్‌లో ముప్పు ఎక్కువున్న గర్భిణులకు విటమిన్ సి, ఇ పెద్ద మోతాదులో ఇచ్చి చూస్తే, 2006లో వచ్చిన ఫలితం ప్రకారం బీపీ జబ్బు తగ్గలేదు, తక్కువ బరువు బిడ్డలు ఇంకా ఎక్కువమంది పుట్టారు. సొంతంగా అలాంటివి కొనకండి. ఆసుపత్రిలో ఇచ్చే ఐరన్, ఫోలిక్ యాసిడ్ మాత్రలు మాత్రం మానకండి.

మనకు ఖర్చు కూడా పెద్దగా లేదు. పెరట్లో మునగాకు, గట్టు మీద తోటకూర, సంతలో జామకాయలు దొరుకుతాయి. కూర ఉడికించిన నీళ్లు పారబోయకండి. అంగన్‌వాడీలో ఇచ్చే గుడ్డు, పాలు ఇంటిల్లిపాదీ పంచుకోకుండా ఆమెకే ఉంచండి. అత్తమ్మలారా, ఈ రాత్రి మొదటి కంచం కోడలికి వడ్డించండి. అన్నలారా, ఆమె తిన్నదో లేదో అడిగి కూర్చోండి.

ప్రభువు మీ ఇంటి తల్లులను, పుట్టబోయే పసిబిడ్డలను దీవించును గాక. ఆమేన్.