వాషింగ్టన్ వారి ఇంటిపేరు

మా అమ్మాయిది నాలుగో తరగతి. పోయిన వారం బడి నుంచి వస్తూనే, “నాన్నా, నా లాస్ట్ నేమ్ మార్చేద్దామా?” అంది. హాజరు పిలిచేటప్పుడు టీచరు తన పేరు దగ్గర ఆగిపోతుందట. వెనక కూర్చున్నవాళ్లు నవ్వుతారట. “వాషింగ్టన్ అని పెట్టుకుంటా. మా క్లాసులో ఒకమ్మాయిది అదే. అసలైన అమెరికా పేరు!”

తప్పు నాదే. మా ఇంటిపేరు కొండపల్లి. నా సర్టిఫికెట్లలో అది ‘కె’ అనే ఒక్క అక్షరంగా మిగిలింది. పాస్‌పోర్టు దరఖాస్తులో సర్‌నేమ్ గడిలో ఏం రాయాలో తెలియక మా నాన్నగారి పేరు సత్యనారాయణ అని రాసేశాను. అదే ఇప్పుడు మనవరాలి ఇంటిపేరయి కూర్చుంది.

సరే, ముందు ఆ వాషింగ్టన్ సంగతేమిటో చూద్దాం రమ్మన్నాను.

చూస్తే అదీ మన కొండపల్లిలాగా ఊరి పేరే! ఇంగ్లండు ఉత్తరాన, డర్హమ్ ప్రాంతంలోని ఊరు. 12వ శతాబ్దం చివర్లో విలియం డి హెర్ట్‌బర్న్ అనే ఆయన ఆ ఊళ్లో భూములు పొంది, పాత ఊరి పేరు వదిలి కొత్త ఊరి పేరు పెట్టుకున్నాడు. ఆ వంశంలోని జాన్ వాషింగ్టన్ 1650లలో ఓడెక్కి వర్జీనియా వచ్చాడు. మొదటి అధ్యక్షుడు జార్జి వాషింగ్టన్‌కి ఆయన ముత్తాత.

అసలు ఆశ్చర్యం ఇక్కడుంది. 2000 నాటి అమెరికా జనాభా లెక్కల్లో ఈ ఇంటిపేరున్నవారు 1,63,036 మంది. వాళ్లలో దాదాపు 90 శాతం నల్లజాతివారు. జార్జి వాషింగ్టన్‌కి సొంత పిల్లలు లేరు. బానిసత్వం పోయాక, అప్పటిదాకా కాగితాల మీద ఇంటిపేరే లేని ఎందరో ఈ పేరును తమదిగా చెప్పుకున్నారు.

వాళ్లలో ఒకడు బుకర్ అనే కుర్రాడు. 1856లో వర్జీనియాలో బానిసగా పుట్టాడు. విడుదలయ్యాక బడికి వెళ్తే, మిగతా పిల్లలందరికీ కనీసం రెండేసి పేర్లున్నాయి, తనకి ఒక్కటే. టీచరు పూర్తి పేరు అడిగేసరికి, ఏమాత్రం తొణక్కుండా “బుకర్ వాషింగ్టన్” అన్నాడట. ఆ కుర్రాడే 1881లో టస్కీగీ విద్యాసంస్థకు తొలి సారథి అయ్యాడు. ఇదంతా ఆయన ఆత్మకథలో ఉంది. ఇంకో సంగతి, ఆయన సవతి తండ్రి పేరు వాషింగ్టన్ ఫెర్గూసన్.

మా అమ్మాయి ఠక్కున, “అయితే వాళ్ల ఇంట్లోనూ పెద్దాయన పేరే! నాలాగే!” అంది.

ఆ రాత్రి విజయవాడకి ఫోను చేసి, “తాతయ్యా, మనం కొండపల్లి నుంచి వచ్చామా?” అని అడిగింది. ఆ మాట నేను ఏనాడూ అడగలేదు. మా నాన్నగారు అరగంట వదల్లేదు. వాళ్ల తాతగారు ఆ ఊరెందుకు వదిలారో నేనూ మొదటిసారి విన్నాను.

పేరు మార్పు సంగతి ఇంకా తేలలేదు. కానీ మర్నాడు ఒక చీటీ మీద ‘సత్య’, ‘నారాయణ’ అని రెండు ముక్కలుగా ఇంగ్లీషులో రాసి టీచరుకిచ్చిందట. సాయంత్రం వచ్చి చెప్పింది: “రెండోసారికి సరిగ్గా పలికింది నాన్నా.”

మీ ఇంట్లో పిల్లలకి మీ ‘కె’ల, ‘వి’ల వెనకున్న ఊరేదో తెలుసా? తెలియకపోతే ఈ ఆదివారం ఫోను వాళ్ల చేతికివ్వండి. చెప్పడానికి అవతల పెద్దవాళ్లు ఉండగానే.