సీటిచ్చి నోరు మూయిస్తరా?

సముద్రాల అవతల ఉన్న ప్రాంతాలను ఏలే దేశం తన పార్లమెంటులో వాటికి సీట్లు ఇవ్వాలా? ఇవ్వాల్సిందే. చట్టాలు రుద్దే సభలో ఆ ప్రజలకు ఓటు లేకపోతే అది దొరతనం. ప్యూర్టోరికో జనం 1917 నుంచి అమెరికా పౌరులు. అమెరికా యుద్ధాల్లో చస్తారు. వాషింగ్టన్‌లో వాళ్ల ఏకైక ప్రతినిధి మాట్లాడొచ్చు గానీ, బిల్లు మీద తుది ఓటు వేయలేరు.

మరి ఓటున్న సీటు వస్తే స్వపరిపాలన వచ్చినట్టేనా? న్యూ కాలెడోనియాను చూడండి.

1853లో ఫ్రాన్స్ ఆక్రమించిన పసిఫిక్ దీవులవి. పారిస్ జాతీయ సభలో 577 సీట్లుంటే వాటికి 2. సొంతగడ్డ మీదే మైనారిటీగా మారిన కనక్ ఆదివాసులు కొట్లాడి 1998లో నౌమియా ఒప్పందం సాధించుకున్నారు. దాని కింద, 1998 తర్వాత వచ్చి స్థిరపడినవారికి అక్కడి ప్రావిన్సుల ఎన్నికల్లో ఓటు లేదు. 2024 మేలో పారిస్ సభ పదేళ్లుగా ఉంటున్నవారికి ఓటిచ్చే సవరణను 351-153తో ఆమోదించింది. అప్పుడు ఆ 2 సీట్లూ ఎవరి చేతుల్లో ఉన్నాయి? ఫ్రాన్స్‌తోనే ఉండాలనే వర్గం చేతుల్లో! సభలో లేని కనక్‌ల గొంతు వీధుల్లో పేలింది. పలువురి ప్రాణాలు పోయాకే సవరణ ఆగింది. ఆ జూలైలో స్వాతంత్ర్యవాది ఎమాన్యుయేల్ చిబావు గెలిచారు. 1986 తర్వాత ఆ పక్షం నుంచి పారిస్ సభకు వెళ్లింది ఆయనే.

పదేళ్లున్నవాడికి ఓటు వద్దనడం ప్రజాస్వామ్యమా అని అడిగే పెద్దమనుషులున్నారు. ఓటు అడగడం తప్పని మేమనడం లేదు. ఇద్దరు చేసుకున్న ఒప్పందాన్ని ఒక్కరే చేతులెత్తించి మార్చడం దగా అంటున్నాం.

ఈ దగా మనకు తెలుసు. వాళ్లది ఓటు పంచాయితీ, మనది కొలువుల పంచాయితీ. 1956 పెద్దమనుషుల ఒప్పందం కాగితాల్లోనే మిగిలింది. 1971లో 14 లోక్‌సభ సీట్లలో 10 తెలంగాణ ప్రజాసమితికి కట్టబెట్టాం. గెలిచినోళ్లు అధికార పార్టీలో కలిసిపోయారు. 1972లో ముల్కీ నిబంధనలు చెల్లుతాయని సుప్రీంకోర్టు చెబితే, 1973లో పార్లమెంటు వాటిని రద్దు చేసింది. సీట్లు లేకనా? 2014 జూన్ 2 దాకా కొట్లాడింది ఆ సీట్లు చాలకనే కదా!

అందుకే మా మాట ఒక్కటే. సీటివ్వండి, ఓటున్న సీటివ్వండి. కానీ సీటిచ్చామని ఒప్పందం తుంచకండి. ఆ గడ్డ మీది నిర్ణయం ఆ గడ్డ బిడ్డల సమ్మతి లేకుండా జరగొద్దు. కలిసుండాల్నా, విడిపోవాల్నా తేల్చుకునేది వాళ్లే.