మత్తుమందూ, కండరమూ

పళ్ళ డాక్టరు చిగురులో పొడిచే సూదిని మనవాళ్ళు మత్తు ఇంజక్షను అంటారు. తెలుగు పాఠం చెప్పుకునేవాణ్ణి గనుక ఆ మాట దగ్గర కాస్త ఆగుతాను. మత్తు అనేది మనిషికి ఎక్కేది. ఈ సూదితో మనిషికి ఏమీ ఎక్కదు. కుర్చీలో పడుకుని డాక్టరు జేబులో పెన్ను రంగు కూడా చెప్పగలడు. మొద్దుబారేది ఆ కాస్త చోటే. తిమ్మిరిమందు అన్నా సరిపోయేది. కాని మత్తు అన్నాం గనుక, అది దిగిపోతే ఇక అంతా మామూలే అని మనకొక ధీమా. చాలామందికి జరిగేదీ అదే. కొందరికి మాత్రం మందు దిగిన తరవాతే కథ మొదలవుతుంది.

మా వదిన కింది దవడలో పుచ్చిన పన్ను శుభ్రం చేయించుకుని సిమెంటు పెట్టించుకుంది. సాయంత్రానికి తిమ్మిరి దిగింది, కాఫీ తాగింది. మూడోనాటి పొద్దున ఇడ్డెన తుంచి నోట్లో పెట్టుకోబోతే దవడ తెరుచుకోలేదు. వేలు పట్టేటంత సందు కూడా లేదు. మా అమ్మ చూసి, “ధనుర్వాతంరా అబ్బాయీ!” అని గుండెలు బాదుకుంది. మా అన్నయ్య చెప్పులు వేసుకుని డాక్టరుతో పోట్లాటకు బయల్దేరాడు.

అమ్మ భయం ఉత్తది కాదు సుమా! ధనుర్వాతంలోనూ మొదట బిగిసేది దవడే. మెడా వీపూ బిగిసినా, మింగటం కష్టమైనా, జ్వరమూ వాపూ వచ్చినా క్షణం ఆలస్యం చెయ్యకుండా డాక్టరుకు చూపించాలి. వదినకు అవేవీ లేవు. కింది దవడ నరాన్ని మొద్దుబార్చాలంటే సూదిని నోట్లో వెనకపక్క లోతుగా గుచ్చాలి. ఆ దారి పక్కనే నమిలే కండరం ఒకటి ఉన్నది. సూది దానిలోకి పోవచ్చు. లోపల కాస్త నెత్తురు చేరవచ్చు. ఇవి అందరూ ఊహించగలిగినవే. ఊహించనిది మరొకటి ఉన్నది. ఆ మందుకే కండరాన్ని చెరిచే గుణం ఉన్నది.

కండరపు పోగులో కాల్షియం చిన్న చిన్న కొట్లలో దాచి ఉంటుంది. కండరం ముడుచుకోవలసినప్పుడు కాస్త బయటికి వస్తుంది, పని కాగానే లోపలికి పోతుంది. మందు గట్టిగా తగిలితే ఆ కొట్ల తలుపులు మూసుకోవు. శక్తినిచ్చే యంత్రాంగం కూడా దెబ్బతిని పోగు చస్తుంది. స్వీడనులో 1943లో లోఫ్‌గ్రెన్ తయారుచేసిన లిగ్నోకైనుకూ, 1957లో అక్కడే పుట్టిన బ్యుపివకైనుకూ, వాటి తోబుట్టువులకూ ఈ గుణం ఉన్నదే. జంతువులమీద పరీక్షలలో బ్యుపివకైను చెరుపు ఎక్కువనీ, పాతకాలపు ప్రొకైను చెరుపు బాగా తక్కువనీ తేలింది. మోతాదు పెరిగినకొద్దీ, ఒకేచోట పదేపదే ఎక్కించినకొద్దీ నష్టమూ పెరుగుతుంది.

అలా అయితే ఊళ్ళో సగంమంది దవడలు పడిపోయి ఉండాలి గదా అంటారేమో! పంట పోయినా విత్తనాలు మిగిలినట్టు, ప్రతి పోగునూ అంటిపెట్టుకుని కొన్ని చిన్న కణాలుంటాయి. అలెగ్జాండర్ మారో అనే ఆయన వీటిని 1961లో వర్ణించాడు. మందు పోగును చంపుతుందే గాని వీటిని సాధారణంగా ముట్టదు; నరాలూ, రక్తనాళాలూ మిగులుతాయి. ఈ కణాలే పెరిగి మూడు నాలుగు వారాలలో కొత్త పోగులను అల్లుతాయి. అందుకే చాలామందికి దెబ్బ తగిలిన సంగతే తెలియదు.

అన్నయ్యకు పళ్ళ డాక్టరు చెప్పిందీ ఇదే. ఉప్పు వేసిన గోరువెచ్చని నీళ్ళు పుక్కిలించమన్నాడు, వేడిగుడ్డతో కాపడం పెట్టమన్నాడు, రోజూ కాస్త కాస్త నోరు తెరిచే అభ్యాసం చెయ్యమన్నాడు. నెల తిరక్కుండా వదిన ఆవకాయ ముద్ద పెట్టుకుంది. అంతా బాగానే ఉన్నది గాని, ఆ ఒక్క ముక్కా సూది గుచ్చిననాడే చెప్పి ఉంటే మా ఇంట్లో అంత గోల జరిగేది కాదు. డాక్టర్లమీద నాకున్న ఫిర్యాదు ఇదొక్కటే.

దవడకన్న కన్ను చిక్కు. శుక్లాల ఆపరేషనుకు కనుగుడ్డు పక్కగా, వెనక్కు సూది పోనిచ్చి మందు వేసే పద్ధతి ఉన్నది. కన్నును తిప్పే కండరాలు ఆరు. ఆ సూది దారికి దగ్గరగా ఉండేది కన్నును కిందికి దించే కండరం. చిన్న కండరం గదా, అరుదుగా పూర్తిగా కోలుకోక మచ్చ కట్టి బిగుసుకుపోతుంది. అప్పుడు ఒక దీపం రెండై, ఒకదానిపైన ఒకటి కనబడుతుంది. ఇంట్లోవాళ్ళు లెన్సు సరిగా పెట్టలేదంటారు. ఒక కన్ను మూయండి. ఏ కన్ను మూసినా రెండో దీపం మాయమైతే గొడవ లెన్సుది కాదు, రెండు కళ్ళ పొత్తుది. ఆ సంగతి డాక్టరుకు చెప్పాలి. కొన్ని నెలలు చూసి, అవసరమైతే పట్టకపు కళ్ళద్దాలు ఇస్తారు. చాలకపోతే కండరానికి ఆపరేషను.

వియన్నాలో కార్ల్ కోలర్ 1884లో కంటికి మొద్దుబారే గుణం తెచ్చింది సూదితో కాదు, కొకైను చుక్కలతో. ఇప్పుడు ఎన్నో శుక్లాల ఆపరేషన్లు మళ్ళీ చుక్కల మందుతోనే అవుతున్నాయి, కొకైను మాత్రం కాదు లెండి. ఆ పద్ధతిలో కండరాన్ని సూది ముట్టే పనే లేదు.

శాన్‌ఫ్రాన్సిస్కో కంటిడాక్టరు ఆలన్ స్కాట్‌కు మరొక ఆలోచన వచ్చింది. చెడిన పోగుల చోట కొత్తవి మరింత లావుగా పెరగటాన్ని ఆయన పనికి పెట్టాడు. మెల్లకన్నువారి బలహీన కండరంలోకి కావాలనే బ్యుపివకైను ఎక్కించి, అది తిరిగి బలంగా పెరిగి కన్నును సరిచేస్తుందేమో చూశాడు. 2007లో ఆ ఫలితాలు ప్రకటించాడు. కన్ను కొంత దారికి వచ్చింది.