నడుము నొప్పికి మూలకణముల సూది: అప్పు చేయదగిన చికిత్సయా?



నడుము వంచనిదే సేద్యము లేదు. నారు పెరుకుటకును, ఊడ్చుటకును, బస్తా మోయుటకును నడుమే ఆధారము. కావున నడుము నొప్పి మన యిండ్లకు క్రొత్త చుట్టము కాదు. మూలకణములను సూదితో నెక్కించి అరిగిన డిస్కును మరల బాగుచేయుదుమను ప్రకటనలు ఇపుడు సెల్‌ఫోనులలో వచ్చుచున్నవి. ఇందులకై పొలము తాకట్టు పెట్టుటగాని, పంటకని సంఘమున తెచ్చిన అప్పును మళ్లించుటగాని తగదని నా అభిప్రాయము. కారణములు మనవి చేసెదను.

వెన్నుపూసల నడుమ మెత్తని దిండువంటి బిళ్ళ యుండును. దానినే డిస్కు అందురు. పెరిగిన మనుష్యునిలో దాని నడిమి భాగమునకు రక్తనాళములు పోవు. పైనను క్రిందను నున్న ఎముకలనుండి ఊటవలె ఇంకు పోషకములతోనే అందలి కణములు బ్రతుకవలెను. అది కాలువ యందని చివరి మడి వంటిది. వయస్సు మీరిన కొలది కణములు తగ్గి, నీటిని పట్టి యుంచు గుణము పోయి, బిళ్ళ పలుచబడును. ఎముక మూలుగ మొదలగు వానినుండి తీసిన మూలకణములను అందు చేర్చినచో వాపు తగ్గి బిళ్ళ బాగుపడునని శాస్త్రజ్ఞుల యాశ. ఆశ మంచిదే. కాని నీరందని మడిలో నారు నాటినంత మాత్రమున నిలుచునా?

ఫలానివాడు సూది వేయించుకొని బాగుపడినాడు గదా యందురేమో. నడుము నొప్పి చాలమందికి కొన్ని వారములలో తనంత తానే తగ్గును. మరియు నొప్పి లేనివారిలోను అరుగుదల యుండును. 3,110 మంది నొప్పిలేనివారి పటములను గూర్చి 2015లో వెలువడిన సమీక్షలో 20 ఏండ్ల వారిలో నూటికి 37 మందికిని, 80 ఏండ్ల వారిలో నూటికి 96 మందికిని డిస్కు అరుగుదల యున్నట్లు తేలినది.

అందుచేతనే పోలిక కావలయును. క్రొత్త వంగడమును పరీక్షించునపుడు ప్రక్కనే పాత వంగడపు మడి నుంచుదుము. అది లేనిచో పంట విత్తనము వలన వచ్చెనో, వాన వలన వచ్చెనో తెలియదు. మెసోబ్లాస్ట్ అను ఆస్ట్రేలియా కంపెనీ 404 మందిపై జరిపిన అట్టి పరీక్ష ఫలితములు 2021లో వెలువడెను. కొందరికి కణములు, కొందరికి వట్టి ఉప్పునీరు ఎక్కించిరి. ముందుగా పెట్టుకొనిన గురి అందలేదు. అయినను కొందరిలో నొప్పి తగ్గుట కనబడుటచే మరియొక పరీక్ష ప్రారంభించిరి. ఐరోపాలో 114 మందిపై జరిగి 2024లో ప్రకటింపబడిన పరీక్షలోను, పేరునకు చేసిన చికిత్స కంటె కణములు మేలని ముఖ్యమైన కొలతలలో రుజువు కాలేదు.

హానియు లేకపోలేదు. 2018లో అమెరికాలో, బొడ్డుతాడు రక్తమునుండి చేసిన అనుమతిలేని మందును సూదితో పొందిన 12 మంది సూక్ష్మజీవులు సోకి ఆసుపత్రుల పాలైరి.

అనుమతి పొందిన పరీక్షకు వెలుపల మూలకణములను రోగులకు వాడుట అనైతికమని భారత వైద్య పరిశోధనా మండలి 2017 నాటి మార్గదర్శక సూత్రములు చెప్పుచున్నవి. కాన ఎవరైన పిలిచినచో రెండు ప్రశ్నలు వేయుడు. భారత క్లినికల్ పరీక్షల రిజిస్టరులో మీ పరీక్ష సంఖ్య యేది? పరీక్షయే యైనచో మా వద్ద సొమ్మేల? జవాబు రానిచో వెనుదిరుగుడు. చీటీ లేని విత్తనమును కొనని మనము, చీటీ లేని మందును వెన్నులో నెక్కించుకొనుట యేమి వివేకము?

శాస్త్రమును నేను తూలనాడుట లేదు. నాళెపాటి పరీక్షలు నెగ్గినచో సంతోషింతము. అందాక ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగమన్న చందమున అప్పు చేయరాదు. వైద్యుని సలహాతో నడకయు, వ్యాయామమును సాగింపుడు. బరువులను ఇద్దరు పట్టి యెత్తుడు. కాలు చచ్చుబడినను, మలమూత్రములు పట్టు తప్పినను ఒక్క దినమైన ఆగక పెద్దాసుపత్రికి పొండు. పొలమును, వెన్నును రెంటిని కాపాడుకొనుట మన చేతిలోనే యున్నది.

— ఒక వ్యవసాయ డిమాన్‌స్ట్రేటరు