బండికెంత ఇంజను? బరువుకెంత బండి?

ఉద్యోగము దొరకనిచో స్వయం ఉపాధి చూచుకొనుమని పట్టభద్రులకు హితవు చెప్పుట నేడు పరిపాటి అయినది. హితవు మంచిదే. కాని ఆ ఉపాధికి కావలసిన సాధనమును ఎట్లు ఎన్నుకొనవలెనో చెప్పువారు అరుదు. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతములలో చదువు ముగించి, అప్పు తీసుకొని, సరుకుల బండి కొనుచున్న యువకులను మనము చూచుచునే ఉన్నాము. అట్టివాని ముందు నిలుచు మొదటి ప్రశ్న: చిన్న ఇంజను బండియా, పెద్ద ఇంజను బండియా? ఈ ప్రశ్న అల్పమైనది కాదు. ఒక కుటుంబము యొక్క కొన్నేళ్ళ బ్రతుకు దీనిపై ఆధారపడి ఉన్నది.

పెద్ద ఇంజనుపై మోజు సహజమే. నలుగురిలో గౌరవము, రేపు ఎంత బరువు వచ్చినను వెనుదీయనక్కరలేదను ధీమా, రెండును అందులో కలవు. అయితే మన దేశపు అనుభవము వేరొక మాట చెప్పుచున్నది. 2005లో టాటా సంస్థ 'ఏస్' అను చిన్న బండిని విడుదల చేసినది. దాని ఇంజను 702 సి.సి., రెండే సిలిండర్లు, 16 అశ్వశక్తులు. ఆ బండియే పట్టణముల ఇరుకు సందులలో, పల్లె బాటలలో వేలాదిమందికి జీవనాధారమైనది. 2015లో వచ్చిన మహీంద్రా 'జీతో' ఇంకను చిన్నది. ఒకే సిలిండరు గల ఆ బండి మన జహీరాబాదులోనే తయారైనది. పెద్ద ఇంజన్లకు పెట్టినిల్లగు అమెరికాలో సైతము ఫోర్డ్ సంస్థ 2015 నమూనా పికప్ ట్రక్కులో 2.7 లీటర్ల ఇంజనును ప్రవేశపెట్టినది. చిన్నదనము చేతకానితనము కాదని వేరుగా చెప్పవలెనా?

ఇందలి శాస్త్రము కష్టమైనది కాదు. సరుకుతో కలిపి ఒకటిన్నర టన్నులుండు బండి చదునైన రోడ్డుపై గంటకు 50 కిలోమీటర్ల వేగముతో పోవుటకు సుమారు ఏడు అశ్వశక్తులు చాలును. ఆ వేగమును 80కి పెంచినచో, గాలి నిరోధము వలన, కావలసిన శక్తి రెట్టింపును మించును. అనగా పెద్ద ఇంజనును కోరునది చాలా వరకు మన తొందరయే గాని, మన సరుకు కాదు. ఎత్తు ఎక్కవలసి వచ్చినచో క్రింది గేరు ఆ పనిని నెమ్మదిగా నెరవేర్చును. సగము ఖాళీగా తిరుగు పెద్ద ఇంజను మాత్రము తన రాపిడిని తాను భరించుటకే ఇంధనమును వ్యయము చేయుచుండును.

ఒక లెక్క చూతము. దినమునకు 80 కిలోమీటర్లు తిరుగు బండి లీటరుకు 12 కిలోమీటర్లు ఇచ్చునని, చిన్నది 18 ఇచ్చునని అనుకొందము. దినమునకు రెండు లీటర్లకు పైగా, నెలలో 25 దినములకు దాదాపు 55 లీటర్ల తేడా వచ్చును. కొనునప్పటి ధరలోని వ్యత్యాసము, దానిపై వడ్డీ, టైర్ల ఖర్చు దీనికి అదనము.

మన ప్రాంతపు సరుకుల తీరు ఇంకొక హెచ్చరిక. జగిత్యాల మామిడి కొన్ని వారముల పంట. పసుపు ఒక కాలపు సరుకు. సిరిసిల్లకు 2017లో మొదలైన బతుకమ్మ చీరల నేత కొన్నేళ్ళు చేతినిండా పని కల్పించినది. 2024 ఆరంభములో ఆర్డర్లు లేక అనేక మరమగ్గములు నిలిచిపోయినవి. మగ్గము ఆగినచో బండియు ఆగును. కిస్తు మాత్రము ఆగదు. రద్దీ దినములను చూచి బండిని కొనరాదు, ఖాళీ దినములను చూచి కొనవలెను.

పెద్ద ఇంజను ఎవ్వరికిని వలదని మా వాదము కాదు. నిత్యము టన్నున్నర ధాన్యము మోయువారికి, దూర నగరములకు పోవువారికి అదియే తగినది. 750 కిలోల బండిపై దానికి రెట్టింపు బరువు వేయుట పొదుపు కాదు. క్లచ్చు కాలును, బ్రేకులు లొంగవు. మితిమీరిన బరువు ఎంతటి అనర్థము తెచ్చునో 2018 సెప్టెంబరు 11న కొండగట్టు ఘాటులో, కిక్కిరిసిన బస్సు లోయలో పడి 60 మందికి పైగా మరణించిన నాడు ఈ జిల్లా కన్నీటితో తెలుసుకొన్నది. కనుక చిన్న బండి కొనువాడు చిన్న బరువుకు కట్టుబడవలెను.

కళాశాల కమిటీ వారికి మా విన్నపము ఒకటి. చివరి సంవత్సరపు విద్యార్థులకు, భౌతికశాస్త్ర, వాణిజ్యశాస్త్ర అధ్యాపకులు కలిసి, ఏటా రెండు దినములు ఇట్టి లెక్కలు నేర్పవలెను. మార్కెట్టు యార్డులోను, మగ్గముల వాడలోను బండ్లు మోయు బరువును, తిరుగు దూరమును విద్యార్థులే వ్రాసుకొని రావలెను. ఇందుకు పెద్ద నిధులు అవసరము లేదు. ఒక నోటుపుస్తకము చాలును.

మంచమున్నంతవరకే కాళ్ళు చాచుమని తెలుగువారందురు. చాదర్ ఉన్నంతవరకే చాపుమని ఉర్దూవారందురు. మన కళాశాలలో ఈ రెండు భాషలును వినిపించుచున్నవి. విద్యార్థి సోదరులు బండి కొనుటకు పోవు నాడు రెంటిలో ఏ ఒక్కటి గుర్తుంచుకొన్నను, వారి ఇంటికి మేలు కలుగునని మా నమ్మకము.